గడ్డిముడి

ఆ వసంతంలో మా వీధిలో మొదటి గడ్డిముడిని చూసింది నేనే.

పాన్ పెద్దమ్మ కోడలు బజారు నుంచి బుట్ట చంకన పెట్టుకుని వస్తోంది. బుట్టలో ఆకుకూరలు, టోఫు, నాలుగు గుడ్లు. వాటన్నిటి మీదా పచ్చి గడ్డిపోచలు మెలేసి కట్టిన ముడి ఒకటి. కొండదారుల్లో పొద్దుగూకాక తిండి మోసుకెళ్తుంటే మా మియావ్ తెగ వాళ్ళందరం పెట్టే ముడే అది. దారిలో తిండి మీద కన్నేసేదేదైనా ఉంటే, ముడి చూసి పక్కకి తప్పుకుంటుందని నమ్మకం. అయితే కైలీ పట్నం నడిబొడ్డున, బస్టాపు పక్క వీధిలో, పట్టపగలు ఏ దయ్యం తిరుగుతుంది?

"ఏం వదినా, దయ్యాలు కూడా బజారుకొచ్చి కూరలు బేరమాడుతున్నాయా?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. తల వంచుకుని మా హోటలు ముందు నుంచి గబగబా నడిచింది. దాటాక ఆ ముడి తీసి మురుక్కాలవలో పారేసింది. నేను చూస్తున్నానని తెలిసి కూడా పారేసింది.

లోపల అమ్మ చేపకి పొలుసు తీస్తోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దాన్నెందుకే పలకరించావు?" అంది. కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుంది. తుడుచుకుని, మళ్ళీ కడుక్కుంది.

మాది నాలుగు బల్లల హోటలు. పులుపు చారులో ఉడికించిన చేప తప్ప మా దగ్గర ఇంకేం దొరకదు, దొరకాలని ఎవరూ అడగలేదు కూడా. మూడు రోజులు పులుపు తగలకపోతే నడక తూలుతుందని మావైపు సామెత. ఈ వీధి నడక తూలకుండా చూసే పూచీ అమ్మది. అందరూ బాంగక్కా, బాంగక్కా అంటూ వచ్చేవాళ్ళు. పిల్లల్ని బల్ల మీద కూర్చోబెడితే అమ్మే ముళ్ళు తీసి, ఊది, నోట్లో పెట్టేది. పాన్ పెద్దమ్మ మనవడు లియాంగ్ అయితే ఇంట్లో అన్నం తినడు, మా అమ్మ చేత్తో పెడితేనే తినేవాడు. నాలుగేళ్ళ వెధవ, మా గుమ్మంలోకి వస్తూనే పిచ్చుక పిల్లలా నోరు తెరిచి నిలబడేవాడు.

ముడి కనపడడానికి కొద్ది రోజుల ముందు వాడు అలాగే తిని వెళ్ళాడు. తెల్లారేసరికి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడట. ఆసుపత్రిలో కోసి, కుళ్ళిన పేగుముక్క తీసేశారు. ప్రాణం దక్కింది. అమ్మ పళ్ళు కొనుక్కుని చూడ్డానికి వెళ్తే పాన్ పెద్దమ్మ వార్డు గుమ్మంలోనే ఆపేసింది.

"వాడు పడుకున్నాడు బాంగ్, తర్వాత రా" అంది. పళ్ళ సంచీ అందుకోలేదు.

పాన్ పెద్దమ్మది వెండి నగల కొట్టు. చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇప్పుడు కూడా ఒప్పుకుంటాను. నాకు తొమ్మిదో ఏట చెవులు కుట్టింది ఆవిడే. కానీ మా వాళ్ళలో ఒక భయం ఉంది, దాన్ని మేం గట్టిగా పేరు పెట్టి పిలవం. కొందరాడవాళ్ళ దగ్గర పురుగు ఉంటుందంటారు. చీకటి మూల జాడీలో పెంచుతారని, వాళ్ళు కావాలనుకోకపోయినా అది చేతి గుండా తిండిలోకి దిగుతుందని, తిన్నవాడి పేగులు కొరికేస్తుందని చెప్పుకుంటారు. మందు పెట్టింది అంటారే, అంతకంటే అన్యాయం ఇది. మందు పెట్టేదానికి కనీసం తను పెట్టానని తెలుస్తుంది.

ఇంకో మాట కూడా చెప్తారు. అది తల్లి నుంచి కూతురికి వస్తుంది.

పేగు కోసి తీశారని డాక్టరు కాగితం మీద రాసిచ్చినా లాభం లేకపోయింది. "డాక్టరు తీసింది పేగునో, పురుగునో ఎవరు చూడొచ్చారు?" అని నీళ్ళ కుళాయి దగ్గర ఎవరో అన్నారు. నేను బిందె పట్టుకుని రాగానే అంతా వాన గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత మా హోటలు ముందు నుంచి పోయే ప్రతి మియావ్ బుట్ట మీదా ముడి ఉండేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, ఆ విద్యలో నేను ఎవరికీ తీసిపోను. గడ్డిపోచని ఏమని తిడతాం? దయ్యం గియ్యం తెలియని ఆఫీసు వాళ్ళు, కెమెరాలు మెడలో వేసుకున్న టూరిస్టులు మాత్రం ఎప్పటిలా వచ్చి లొట్టలేసుకుంటూ తిన్నారు. బల్లలు నిండేవి. అయినా హోటలు ఖాళీగానే అనిపించేది.

ఎదురు కొట్టులో నూడుల్స్ సాగదీసే ఇసా మామ ఒకరోజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. హుయీ ముస్లిం. మా వంటింట్లో పంది కొవ్వు ఉంటుంది కాబట్టి మా మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆ విషయం మీద మా నాన్నా ఆయనా రోజూ వేళాకోళాలాడుకునేవాళ్ళు.

"చెల్లెమ్మా, ఇన్నేళ్ళలో నీ వంట నేనొక్కసారీ తిన్లేదు. మా దేవుడొద్దన్నాడు కాబట్టి తిన్లేదు. మరి వీళ్ళకి ఏ దేవుడు చెప్పాడు?" అన్నాడు.

"వాళ్ళ పిల్లల మీద వాళ్ళకి భయం ఉండదా అన్నా" అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళాక విరుచుకుపడ్డాను. "వాళ్ళ తరఫున మాట్లాడతావేంటి? నువ్వేమైనా చేశావా?"

అమ్మ పొయ్యి ముందు కూర్చుంది.

"మా అమ్మ ఇంటికి ఎవరూ తిండికొచ్చేవాళ్ళు కాదే ఓనీ" అంది. "పండక్కి వండేది. బల్ల వేసేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మేమే తినేవాళ్ళం. పేదవాళ్ళం కదా, అందుకే రావట్లేదనుకున్నా. మొన్నటిదాకా అలాగే అనుకున్నా."

లోకం మొత్తం అన్నా నేను లెక్కచేసేదాన్ని కాదు. కానీ అమ్మ నమ్మేసింది.

ఆ రోజు నుంచి ఆమె నాకు తన చేత్తో పెట్టడం మానేసింది. చిన్నప్పటి నుంచీ నా మొదటి ముద్ద ఆమె చేత్తోనే. ఇరవయ్యేళ్ళు వచ్చినా సిగ్గు లేకుండా నోరు తెరిచేదాన్ని. ఇప్పుడు నా గిన్నె కడిగి విడిగా బోర్లించేది. హోటల్లో వంటకి రబ్బరు తొడుగులు వేసుకునేది. ఎవరైనా చంటిబిడ్డతో వస్తే వెనక్కి వెళ్ళిపోయి, వాళ్ళు లేచాకే బయటికి వచ్చేది.

"నా చేతిది తినకు" అని నాకు కచ్చితంగా చెప్పింది. "తెలీక తిన్నన్నాళ్ళూ దోషం లేదంట. తెలిసి తింటే నీకొచ్చేస్తుందంట."

"అంట, అంట. ఎవరంట?"

"పెద్దవాళ్ళంట" అంది.

వంటింటి మూలన మా పులుపు జాడీ ఉండేది. నా నడుం ఎత్తు. మూతి చుట్టూ నీళ్ళ గాడి, గాడిలో బోర్లించిన చిప్ప. లోపల పులుస్తున్నప్పుడు గాలి తన్నుకొచ్చి, నీళ్ళలోంచి గుడుక్కుమని ఒక బుడగ పైకొస్తుంది. ఆ పులుపు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. అమ్మమ్మ జాడీలోంచి ఒక గిన్నెడు తెచ్చి అమ్మ ఇందులో కలిపింది, అమ్మమ్మ వాళ్ళమ్మ దగ్గర నుంచి తెచ్చుకుంది. పెళ్ళయ్యాక నేను ఇందులోంచి తీసుకెళ్ళాలి. మా వీధిలో పులుపు జాడీ లేని మియావ్ ఇల్లే లేదు. అయినా ఆ నెలలో జాడీ అంటే మాదొక్కటే అయిపోయింది.

పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడే. జోలపాటలా విన్నాను. ఇప్పుడు గుడుక్కుమన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరించేది. లోపల ఏదో కదిలినట్టు, ఊపిరి పీల్చినట్టు అనిపించేది. ఛీ, నాకేమైనా పిచ్చా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు బస్సులో పక్కసీటు పసివాడు నా వేలు పట్టుకుంటే, కాలినట్టు వెనక్కి లాక్కున్నాను. వాడి తల్లి వింతగా చూసింది. దిగాల్సిన చోటు కంటే ముందే దిగిపోయి, వానలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. దారంతా నా చేతుల్నే చూసుకున్నాను. అమ్మ చేతుల్లాగే ఉన్నాయి, అవే వేళ్ళు, అవే గోళ్ళు.

మూడో నెల పున్నమి దగ్గరపడింది. మా అక్కచెల్లెళ్ళ పండగ. ఆ సాయంత్రం మా వీధి పొడుగునా బల్లలన్నీ కలిపి వేసి, ఇంటింటి వంటా ఒకేచోట పెట్టుకుని తింటాం. రంగులేసిన జిగురన్నం వండుకుని, ప్రతి ఇంటి ఇల్లాలూ బుట్టతో బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తుంది. కూర్చున్న ఒక్కొక్కరి నోట్లోనూ చేత్తో ఒక ముద్ద పెట్టాలి. ఎంత కడుపు నిండినా నోరు తెరవాలి. తెరవకపోతే ఆ ఇంటితో పొత్తు తెంచుకున్నట్టే. నాకు తెలిసి ఎవరూ ఎప్పుడూ తెరవకుండా లేరు.

"నేను రాను" అంది అమ్మ.

మా నాన్న తాపీమేస్త్రీ. మామూలుగా ఆయన నోరు ఊరుకోదు, ఆ నెలంతా నోట్లో మేకులున్నట్టే తిరిగాడు. ఆ మాటకి మాత్రం లేచాడు.

"రాకపోతే ఏమనుకుంటారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుద్ది. ఒక్కసారి ఒప్పుకున్నామంటే ఇక జన్మంతా ఒప్పుకున్నట్టే. దీని బతుకేం కావాలి?" అని నన్ను చూపించాడు.

"దీని బతుకు కోసమే చెప్తున్నా. దీన్ని మీ చెల్లెలింటికి పంపెయ్. నా దగ్గర లేకపోతే దీనికి అంటదు. ఆ జాడీ కూడా కాలవలో ఒంపేస్తా. నాతోనే పోనీ."

"బాంగ్! కుండ మూతికి మూకుడుంది గానీ లోకుల మూతికి మూకుడు లేదు. వాళ్ళన్నారని నువ్వు..."

"వాళ్ళన్నారని కాదు" అంది అమ్మ నెమ్మదిగా. "నాకే తెలీట్లేదు. ఉందో లేదో నాకే తెలీట్లేదు. నీకర్థమవుతోందా?"

నాన్నకి అర్థమైంది. కూలబడి తల పట్టుకున్నాడు.

పండగనాడు పొద్దున నేనే బియ్యం నానబోశాను. అడవాకుల రసంతో నలుపు, కొండపూల నీళ్ళతో పసుపు, ఎరుపు. ఆవిరి మీద ఉడుకుతుంటే ఇల్లంతా అడవి వాసన కమ్ముకుంది. అమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం ఆమె వెండి కంటె నేనే మెడలో వేసుకుని, బుట్ట చేత్తో పట్టుకున్నాను.

"నువ్వు రాకపోతే నేనే నడుస్తా" అన్నాను.

అమ్మ చివాల్న లేచింది. "ముట్టుకోకు! నీ చెయ్యి కూడా వాళ్ళకి చూపిస్తావా? మూసిన నోళ్ళ ముందు నీ చెయ్యి చాపుతావా?" బుట్ట లాక్కుంది. జుట్టు ముడేసుకుంది. చెప్పులు తొడుక్కుంటూ అంది, "నా చెయ్యి ఎలాగూ పోయింది. ఇదైనా నేనే చేస్తా."

వాన వెలిసింది. బల్లల మీద గేదె కొమ్ముల్లో సారా, చేపలు, పందిమాంసం. వీధి మొగలో మగవాళ్ళు వెదురు సన్నాయిలు ఊదుతున్నారు. అమ్మని చూడగానే ఈ చివరి మాటలు ఆగిపోయాయి, ఆ చివర మాత్రం ఇంకా నవ్వులు వినిపిస్తున్నాయి. నేను ఆమె వెనకాలే ఉన్నాను.

అమ్మ బుట్టలోంచి నల్ల అన్నం ఒక ముద్ద తీసింది. మొదటి మనిషి ముందుకి చాచింది.

"పన్ను నొప్పి బాంగక్కా, చెంప వాచిపోయింది చూడు" అంది ఆవిడ. చెంప మామూలుగానే ఉంది.

పక్కావిడ: "ఇప్పుడే తిన్నానమ్మా, కడుపులో చోటెక్కడ?"

ఆ పక్కావిడ నోరు తెరవకుండా దోసిలి పట్టింది. అమ్మ అందులో పెట్టలేదు, చేతిలో పెట్టడం ఆచారం కాదు. ముందుకి నడిచింది. ఎవరూ కసరలేదు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. అందరూ మర్యాదగా, నొచ్చుకుంటున్నట్టుగా, పెదవులు బిగించి నవ్వారు. అంత భయంకరమైన నవ్వులు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. అమ్మ వేళ్ళ మధ్య అదే ముద్ద. పెట్టడానికి నోరు దొరకని ఆ ఒక్క ముద్దనే పట్టుకుని నడుస్తోంది. అది గట్టిపడిపోతోంది.

బల్ల నడిమధ్య పాన్ పెద్దమ్మ కూర్చుంది. ఒళ్ళో లియాంగ్. చిక్కిపోయాడు, తల మీద వెండి బొమ్మల టోపీ. అమ్మని చూడగానే వాడి కళ్ళు వెలిగాయి.

"బాంగమ్మమ్మా! నాకూ!" అని నోరు తెరిచాడు.

పాన్ పెద్దమ్మ చేతులు వాడి చుట్టూ బిగుసుకున్నాయి. వాడి నోరు మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. అమ్మ మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు. వద్దు బాంగ్, నీకు దణ్ణం పెడతాను అన్నట్టు చూసింది.

వాడు అలాగే నోరు తెరిచి ఉన్నాడు. పెట్టు అమ్మా, పెట్టెయ్ అని నేను లోపలే అరుస్తున్నాను. అమ్మ చెయ్యి సగం దూరం వెళ్ళింది. ఆగింది. తన వేళ్ళ వైపు చూసుకుంది.

"వద్దు నాన్నా. ఇది... చల్లారిపోయింది" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

బల్ల పొడుగునా ఒక ఊపిరి వదిలిన చప్పుడైంది. అదే చాలు వాళ్ళకి. తనే పెట్టలేదంటే ఇంకేం సాక్ష్యం కావాలి? చూస్తుండగానే ఆ మొహాల మీద అనుమానం పోయి నమ్మకం వచ్చేసింది. అమ్మ కూడా చూసింది. ఆ ముద్దని ఎక్కడ పెట్టాలో తెలియక, బుట్టలో తిరిగి వేయలేక, అందరి మధ్యా నిలబడిపోయింది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"పొద్దున్నుంచీ నాకేం పెట్టలేదు నువ్వు" అన్నాను. నోరు తెరిచాను.

"వొద్దే" అంది చిన్నగా. "తెలిసి తినకే, తల్లీ."

పక్కన ఎవరో అనడం వినబడింది, "కూతురు తింటే ఏమవుద్ది, దానికే వస్తుంది." ఆ మాట నాకు తెలుసు. తెలిసే ఆ చేతిని నోటి దగ్గరికి లాక్కున్నాను. అన్నం గట్టిగా, చల్లగా ఉంది, అమ్మ వేళ్ళ ఉప్పు తగిలింది. భయం వేయలేదని చెప్పను. మింగుతుంటే గొంతులో ఏదో కాళ్ళున్నది దిగుతున్నట్టే అనిపించింది. నా పక్కన బెంచీ మీదున్న నా ఈడు పిల్లలు, నాతో బడికి వచ్చినవాళ్ళు, లంగాలు దగ్గరికి లాక్కుని కొంచెం జరిగారు. అంతవరకూ ముడులు అమ్మకే. ఆ క్షణం నుంచి నాకు కూడా.

వీధి మొగలోంచి నాన్న వచ్చాడు, చేతిలో సారా కొమ్ముతో.

"నాకేదే?" అన్నాడు అమ్మతో, పెద్దగా, అందరికీ వినపడేట్టు. "ఇన్నేళ్ళు నీ చేతి కూడు తిని చావనివాణ్ణి, ఇవాళ కొత్తగా చస్తానా?" నోరు తెరిచి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరో ఒకరు నవ్వి, వెంటనే ఆపుకున్నారు. అమ్మ ఏడుస్తూ పెట్టింది. ఇంకెవరూ నోరు తెరవలేదు. మేము ముగ్గురం బల్ల చివర కూర్చుని బుట్టలో అన్నమంతా తినేశాం.

మర్నాడు కళ్ళు తెరిచేసరికి అమ్మ నా మంచం పక్కన కూర్చుని ఉంది. పొంగబోయే పాలని చూసినట్టు నా మొహం వైపే చూస్తోంది.

"కడుపులో ఎలా ఉంది?"

ఒక నిమిషం నా కడుపు చెప్పేది విన్నాను. వంటింట్లో జాడీ గుడుక్కుమంది.

"ఆకలిగా ఉంది" అన్నాను.

ఆమె లేచి వెళ్ళి చిప్ప పక్కకి తీసి, పులుపు ముంచుకొచ్చి చారు కాచింది. తొడుగులు వేసుకోలేదు. ఆ పూట మా హోటలు ముందు నుంచి వెళ్ళిన బుట్టల్లో కొన్నింటి మీద ముడి ఉంది, కొన్నింటి మీద లేదు. పాన్ పెద్దమ్మ బుట్ట మీద ఉంది.

చాలా ఏళ్ళయింది. అమ్మ పోయింది. జాడీ నాది. ఇసా మామ కొడుకు ఇప్పటికీ మా నీళ్ళు ముట్టడు, ఇప్పటికీ రోజూ వచ్చి పలకరిస్తాడు. నన్ను చేసుకున్నవాడు దోంగ్ తెగవాడు. ముడి సంగతి పెళ్ళికి ముందే చెప్తే, "మీ పులుపు కంటే ప్రమాదమైంది ఇంకోటుందా?" అని నవ్వేశాడు. లియాంగ్ పెద్దవాడై పెళ్ళాన్ని తీసుకుని మా హోటలుకే వస్తాడు, వాళ్ళ నానమ్మకి తెలియకుండా. నేను దేన్నీ నమ్మను. ఎవరైనా అడిగితే గట్టిగానే చెప్తాను.

నా కూతురికి ఇప్పుడు నాలుగేళ్ళు. మధ్యాహ్నం బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ నోరు తెరుస్తుంది. ముళ్ళు తీసి, ఊది, ముద్ద దాని నోటిదాకా తీసుకెళ్తాను. సగం దూరంలో నా చెయ్యి ఆగుతుంది. ప్రతిసారీ ఆగుతుంది.

"చూస్తావేంటమ్మా, పెట్టు" అంటుంది.

పెడతాను. అది నమిలి, మింగి, మూతి తుడుచుకుని ఆడుకోవడానికి పరిగెడుతుంది. ఎక్కడైనా ఆగి కడుపు పట్టుకుంటుందేమోనని, నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటాను.